ముసలితనపు కూలి: పింఛన్ల చరిత్రలో మన నేతన్న ఎక్కడ?

కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మా మహారాష్ట్రలో, ఎక్కడున్నా ఇంట్లో తెలుగు, వీధిలో ఆ ఊరి భాష మాట్లాడుకుంటూ బతుకుతున్న మనోళ్ళకు ఈ నాలుగు మాటలు. నేను చదివింది ఎనిమిదో తరగతి దాకనే. మిగతా చదువంతా చేనేత సొసైటీ ఖాతా పుస్తకాల్లో అయ్యింది. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగారు. మార్కండేయ మహాముని గుడి గురించి, మన తాతల వలస గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను పింఛను చరిత్ర రాస్తానన్నాను. నవ్వారు. "పించన్కు చరిత్ర ఏముంటది అన్నా?" అని అడిగారు. ఉంటది. నవంబరు వచ్చిందంటే మా సొసైటీ గుమ్మం ముందు బట్ట కొనేవాళ్ళ కన్నా ఫారాలు పట్టుకొని వచ్చే ముసలోళ్ళే ఎక్కువ. బతికే ఉన్నామని ఏడాదికొకసారి రుజువు చూపించే కాగితం ఉంటది కదా, దాన్ని మా ఊళ్ళో హయాతీ దాఖలా అంటారు. దానికోసం వస్తారు. వాళ్ళ ఫారాలు నింపీ నింపీ నాకు ఈ చరిత్ర వచ్చింది.

నేను చెప్పదలచింది ఒకటే. పింఛన్లు మార్చాలని సర్కారు అన్న ప్రతిసారీ జనం ఒప్పుకోలేదంటే, మనోళ్ళకు తెలివి లేదని, రేపటి ఆలోచన లేదని చదువుకున్నవాళ్ళు అంటారు. అది నిజం కాదు. జనం చూసేది మూడు సంగతులు. కోసేది ఎవడు, దాచేది ఎవడు, నా పాణం ఉండంగ నా చేతికి వస్తదా. ఈ మూడింటికీ జవాబు దొరికిన చోట జనం ఒప్పుకున్నారు. దొరకని చోట రోడ్డెక్కారు, లేకుంటే మౌనంగా ఉండిపోయారు.

దయ నుంచి హక్కు దాకా

మన ముత్తాతల కాలంలో పింఛను అంటే దొర దయ. రాజ్యం పోయిన రాజులకు, నవాబులకు కుంపిణీవాళ్ళు ఇచ్చే పైకాన్ని కూడా పింఛనే అనేవారు. 1871లో ఇంగ్లీషు సర్కారు పింఛన్ల చట్టం తెచ్చింది. సర్కారు ఇచ్చిన పింఛను గురించి కలెక్టరు లాంటి అధికారి సర్టిఫికెట్ లేకుండా సివిల్ కోర్టుకు పోరాదని దాంట్లో ఉంది. అంటే ఇచ్చినంత తీసుకో, అడగకు అని.

ఆ మాట తిరగబడటానికి నూరేండ్లు దాటింది. 1979లో కేంద్ర సర్కారు పింఛను లెక్క మార్చి కొంచెం పెంచింది. కాని ఆ ఏడు మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరయ్యేవాళ్ళకే ఆ పెంపు. అంతకు ముందు దిగిపోయినవాళ్ళకు పాత లెక్కే. రక్షణ శాఖలో పనిచేసి రిటైరయిన డి.ఎస్. నకారా అనే పెద్దమనిషి, మరికొందరు సుప్రీం కోర్టుకు పోయారు. 1982 డిసెంబరు 17న కోర్టు తీర్పు చెప్పింది. పింఛను దానం కాదు, యజమాని దయా కాదు, చేసిన నౌకరీకి రావలసిన సొమ్ము. నడుమ ఒక తారీఖు గీత గీసి ముసలోళ్ళను రెండు ముక్కలు చేయటం న్యాయం కాదు. అందుకే ఇప్పటికీ డిసెంబరు 17ను పింఛనుదారుల దినం అని జరుపుకుంటారు.

మన భాషలో చెప్పాలంటే, పింఛను అంటే ఆగిన కూలి. వయసులో చేసిన పనికి ముసలితనంలో ముట్టే కూలి. ఈ మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే వయసులో పని చేసింది సర్కారు నౌకరు ఒక్కడే కాదు.

గిరణీ గేటు లోపల, గేటు బయట

మా ఊళ్ళో మిల్లును గిరణీ అంటారు. సోలాపూర్లో మొదటి గిరణీ 1877లో మొదలయింది. దాన్నే తరువాత జూనీ మిల్ అన్నారు, అంటే పాత మిల్లు. మన తాతలు నిజాం ఇలాకా నుంచి, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి కరువుకూ అప్పుకూ తాళలేక వచ్చారు. కొందరు ఇంట్లో గుంట మగ్గం వేసుకున్నారు, కొందరు గిరణీలో చేరారు. అన్న మగ్గం మీద, తమ్ముడు గిరణీలో. నేసేది ఇద్దరూ బట్టే.

1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చినప్పుడు మొదట ఆరు పరిశ్రమలకు పెట్టారు. సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, ఆరోది బట్టల పరిశ్రమ. అప్పుడు 50 మంది పైన ఉన్న చోటనే వర్తించేది, 1960లో దాన్ని 20కి దించారు. మా నాయిన గిరణీ కార్మికుడు కాబట్టి ఆయనకు ఫండ్ ఉండె. మా పెదనాయిన ఇంట్లో మగ్గం నేసేవాడు, ఆయనకు లేదు. ఇద్దరూ ఒకే వాడలో ఉండేవారు, ఒకే రథం లాగేవారు. గిరణీ గేటు లోపలి నేతకు చట్టం ఉంది, గేటు బయటి నేతకు లేదు.

ఆ చట్టంలో ఇంకో సంగతి ఉంది. నేను సెక్రెటరీ అయిన చాలా రోజులకు గాని నా కంట పడలేదు. 16వ సెక్షన్. సహకార చట్టం కింద రిజిస్టరయి, 50 మంది కన్నా తక్కువ మందితో, కరెంటు లాంటి శక్తి వాడకుండా పనిచేసే సొసైటీకి ఈ చట్టం వర్తించదు. కరెంటు లేని సహకార సంఘం అంటే మనలాంటోళ్ళమే. చిన్న సంఘాలకు భారం కావద్దని పెట్టి ఉంటారు, చెడు తలంపుతో కాదు. కాని ఆ ఒక్క ముక్కతో చిన్న చేనేత సొసైటీలు ఫండుకు దూరమయినాయి. మనం దాన్ని మార్చమని గట్టిగా అడిగిందీ లేదు.

బీడీలు చుట్టే మన ఆడోళ్ళ సంగతి వేరుగా నడిచింది. సోలాపూర్లో మగ్గం ఇంటి ఆడవాళ్ళు ఎక్కువమంది బీడీలే చుట్టారు. 1977లో ఫండ్ చట్టం బీడీ పరిశ్రమకు వచ్చింది. ఇంట్లో కూసుండి చుట్టేవాళ్ళు మా నౌకర్లు కారని కంపెనీవాళ్ళు కోర్టుకు పోయారు. 1985లో సుప్రీం కోర్టు, ఇంట్లో కూసుండి చుట్టినా వాళ్ళు కార్మికులే, ఫండ్ కట్టాల్సిందేనని తేల్చింది. ఇంట్లో చేసే పని కూడా పనేనని పెద్ద కోర్టు ఒప్పుకున్నది మన అక్కచెల్లెళ్ళ విషయంలో. ఇంట్లో నేసే మగ్గానికి ఆ మాట ఇంకా రాలేదు.

1995లో రెండు పింఛన్లు

మా నాయిన రిటైరయినప్పుడు ఫండ్ పైకం ఒక్కసారే వచ్చింది. అది ఇంటి పైకప్పుకు, ఆడపిల్ల పెండ్లికి పోయింది. గిరణీ కార్మికునికి నెలనెలా పింఛను అప్పటికి లేదు. 1971 నుంచి ఉన్నది కుటుంబ పింఛను, నౌకరీలో ఉండంగ మనిషి పోతే ఇంటోళ్ళకు ఇచ్చేది.

1995లో రెండు కొత్తవి వచ్చినాయి. ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను. ఆధారం లేని ముసలోళ్ళకు నెలకు 75 రూపాయలు. నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకం. యజమాని ఫండుకు కట్టే సొమ్ములోంచి పగార్ మీద నూటికి 8.33 పింఛను ఖాతాకు మళ్ళించారు. అప్పుడు కార్మిక సంఘాలు కూడా రెండుగా చీలినాయి. నెలనెలా వస్తది మంచిదే కదా అని కొందరు, చేతికొచ్చే ఫండ్ కోసి చేతికి రాని పింఛనులో వేస్తున్నారని కొందరు. మా వాడలో చాలామంది రెండో మాటే అన్నారు.

వాళ్ళ మాట ఎంత నిజమో లెక్క చూస్తే తెలుస్తది. పగార్‌ను ఏండ్లతో గుణించి 70తో భాగించాలి. ఒక బీడీ కార్మికురాలి పగార్ లెక్కలో నెలకు 2,000 అనుకోండి, సర్వీసు 15 ఏండ్లు. 30,000ను 70తో భాగిస్తే 428 రూపాయలు. ఇదే ఆమె నెల పింఛను. ధరలు పెరిగితే పింఛను పెరిగే ఏర్పాటు సర్కారు నౌకర్లకు ఉంది, దీంట్లో లేదు. 2014 సెప్టెంబరు నుంచి ఎవరికైనా 1,000 తక్కువ కాకుండ ఇస్తామన్నారు. అది 7,500 చేయమని పదేండ్లుగా పింఛనుదారులు ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

మా అక్క బీడీలు చుట్టి కొడుకును మాస్తరును చేసింది. ఆమెకు వచ్చేది ఆ 1,000 రూపాయలే.

మా సొసైటీలో వాయిదా పడ్డ తీర్మానం

ఇప్పుడు నా సంగతి చెప్పాలె. చెప్పకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు.

2001 ప్రాంతంలో మా సొసైటీ సర్వసభ్య సమావేశంలో నేనే ఒక విషయం పెట్టాను. కూలీలో రూపాయికి 8 పైసలు పట్టి, సభ్యుని పేరు మీద బ్యాంకులో వేసి, ముసలితనంలో ఇద్దామని. అప్పటికి కొన్ని రాష్ట్రాల్లో చేనేత పొదుపు నిధి నడుస్తుండె, ఆ మాట విని పెట్టాను. సభ్యుల్లో ఒక పెద్దాయన లేచాడు. చేతి పని గొప్పది ఆయనది. "తమ్మీ, నువ్వు మంచోనివే. కని రేపు నీ కుర్చీల ఇంకొకడు కూసుంటే?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఊరికే అనలేదు. అంతకు ముందు ఒక కార్ఖానాలో మరమగ్గం నడిపినప్పుడు రెండేండ్లు ఆయన పగార్లోంచి ఫండ్ అని కోశారు. పని మానినంక అడిగితే ఆయన పేరు మీద ఖాతానే లేదు. ఒకసారి కాలినోడు పాలు కూడా ఊదుకొని తాగుతాడు. మిగతావాళ్ళు తలలు ఊపారు. నేను మినిట్స్ పుస్తకంలో "విషయం తాత్కాలికంగా వాయిదా" అని నా చేత్తో రాశాను. ఆ తాత్కాలికం ఇరవై ఏండ్లు దాటింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ లోపల హాయిగానే అనిపించింది. ప్రతి హప్తా మనిషి మనిషికి పైసలు పట్టి లెక్క రాసే పని తప్పింది కదా అని. మళ్ళీ పెట్టి, పాస్ పుస్తకం చేతికిస్తాను, ఏడాదికొకసారి అందరి ముందర చదువుతాను, సంతకం ఇద్దరు సభ్యులది కూడా పెడదాం అని చెప్పి ఉంటే ఒప్పుకునేవారేమో. నేను చెప్పలేదు.

హప్తాకు 300 రూపాయల కూలి అనుకుందాం. 8 పైసల లెక్కన హప్తాకు 24, ఏడాదికి 1,248, పదిహేనేండ్లకు 18,720 రూపాయలు. వడ్డీ లేకుండానే. పెద్ద మొత్తమేం కాదు. కాని ఆయన పేరు మీద ఆయనది అని ఉండేది.

ఆ పెద్దాయనకు చూపు తగ్గి మగ్గం దిగినంక నా దగ్గరకే వచ్చాడు, ముసలితనం పింఛను ఫారానికి. మా రాష్ట్రంలో దాన్ని శ్రావణబాళ యోజన అంటారు. 65 ఏండ్లు నిండాలె, ఏడాది సంపాదన 21,000 లోపల ఉన్నట్టు దాఖలా తేవాలె. ఇంట్ల కొడుకు కార్ఖానాలో పనిచేస్తుంటే ఆ దాఖలా తేవటం ఎంత కష్టమో తెలిసినోళ్ళకు తెలుసు. మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. ప్రతిసారీ ఒక కాగితం తక్కువ. నాలుగోసారి నేనే వెంట పోతానన్నాను. సంక్రాంతి గడ్డ యాత్ర అయినంక పోదాం అనుకున్నాం. ఆ లోపలే ఆయన పోయాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

బెంగుళూరు అక్కచెల్లెళ్ళు చెప్పిన పాఠం

కర్ణాటకలోని మనోళ్ళకు ఈ సంగతి బాగా యాదుండి ఉంటది. 2016 ఫిబ్రవరిలో కేంద్ర సర్కారు ఫండ్ నియమం మార్చింది. నౌకరీ మానినా, యజమాని కట్టిన భాగం 58 ఏండ్లు నిండేదాక తీయరాదని. సర్కారు ఆలోచన ముసలితనానికి పైసలు మిగలాలనే. కాని ఏప్రిల్ 18న బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలమంది మిషన్లు ఆపి రోడ్డు మీదికి వచ్చారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. ఏ పెద్ద సంఘమూ పిలవలేదు. లాఠీలు తిన్నారు. మరునాడు, 19వ తారీఖున, సర్కారు ఆ నియమం వెనక్కి తీసుకుంది.

పేపర్లలో కొందరు, వీళ్ళకు పొదుపు విలువ తెలియదని రాశారు. నాకు మా పెద్దాయన మాట యాదికొచ్చింది. కుట్టు మిషన్ మీద 35 ఏండ్లకే నడుము పోతది, ఫ్యాక్టరీ ఎప్పుడు మూస్తారో తెలియదు. నౌకరీ పోయిన రోజు పిల్లల ఫీజుకు, ఊరికి పోయి ఇల్లు నిలబెట్టుకోటానికి ఆ ఫండే వాళ్ళకు దిక్కు. అదే వాళ్ళ నిజమైన పింఛను. 58 దాక ఆగమంటే, అప్పటి దాక నన్ను ఎవడు సాకుతాడని అడిగారు. ముసలితనం వద్దని కాదు, ముసలితనం దాక చేరే తొవ్వ తెంపకు అని.

2019లో కూలీల కోసం ఇంకో పథకం వచ్చింది, ప్రధానమంత్రి శ్రమయోగి మాన్ధన్. 18 ఏండ్లవాడు నెలకు 55, 40 ఏండ్లవాడు నెలకు 200 కట్టుకుంటూ పోతే, సర్కారు అంతే కలుపుతది, 60 నిండినంక నెలకు 3,000. నేను మా పిల్లలకు చెప్పి చూశాను. ఒకడు అడిగాడు: "కాకా, ఇరవై ఏండ్లయినంక మూడు వేలకు ఏం వస్తది, ఒక చాదరు వస్తదా?" నవ్వులాటకే అన్నాడు గాని, లెక్క సరిగ్గానే చేశాడు. 1995లో 75 రూపాయలుగా మొదలయిన జాతీయ పింఛను 2006లో 200 అయ్యింది. 80 లోపల ఉన్నవాళ్ళకు కేంద్రం ఇచ్చేది ఇప్పటికీ ఆ 200 రూపాయలే. రాష్ట్రాలు పైన కలుపుతున్నాయి కాబట్టి నడుస్తోంది. మా రాష్ట్రం 600 నుంచి 1,000, 2023లో 1,500 చేసింది.

మళ్ళీ ఒక తారీఖు గీత

ఇక అందరూ మాట్లాడుకునే పాత పింఛను, కొత్త పింఛను సంగతి. దీని మూలంలో ఒక విచిత్రం ఉంది. 1998లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఒయాసిస్ అనే పేరుతో ఒక కమిటీ వేసింది, ఎస్.ఎ. దవే గారు పెద్ద. ఆ కమిటీ ముఖ్యంగా చూడవలసింది మనలాంటి అసంఘటిత కార్మికుల ముసలితనం. ఎవరి ఖాతా వారికి, ఎక్కడికి పోయినా వెంట వచ్చే ఖాతా అని 2000లో చెప్పింది. ఆ ఆలోచన తిరిగి తిరిగి 2004 జనవరి 1 నుంచి సైన్యం తప్ప కేంద్రంలో కొత్తగా చేరే నౌకర్లకు జాతీయ పింఛను పథకం అయ్యింది. మనకు తలుపు తెరిచింది 2009 మే 1న, అది కూడా సొంత పైసలు కట్టుకుంటే. మనకోసం తవ్విన బావి నీళ్ళు ముందు వేరే చేనుకు పోయినాయి. ఆ చేనువాళ్ళేమో మాకు ఈ నీళ్ళు వద్దు, పాత కాలువే కావాలంటున్నారు.

మహారాష్ట్రలో గీత తారీఖు 2005 నవంబరు 1. దానికి ముందు చేరిన మాస్తరుకు చివరి జీతంలో సగం, పైన కరువు భత్యం, ఆయన పోతే ఇంటామెకు. తరువాత చేరిన మాస్తరు నూటికి 10 కట్టాలె, సర్కారు కొంత కలుపుతది, ఆ పైకం బజారులో పెరిగినంత. ఎంత వస్తదో ముందుగా ఎవరూ చెప్పరు. ఒకే బడి, ఒకే తరగతి, పక్క పక్క కుర్చీలు.

2022లో రాజస్థాన్ పాత పింఛను తెస్తామంది. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, తరువాత హిమాచల్ ప్రదేశ్ అదే తొవ్వ. హిమాచల్ ఎన్నికల్లో ఇదే పెద్ద మాట అయ్యింది. 2023 జనవరిలో రిజర్వు బ్యాంకు, ఇట్ల పోతే రాష్ట్రాల మీద ముందు ముందు పెద్ద భారం పడుతుందని హెచ్చరించింది. మార్చి 14న మా రాష్ట్రంలో లక్షలమంది సర్కారు నౌకర్లు సమ్మె దిగారు. "ఏకచ్ మిషన్, జునీ పెన్షన్" అని నినాదం. బడులు మూతపడ్డాయి, దవాఖానాల్లో పని ఆగింది. ఆ వారంలోనే కొల్హాపూర్లో నౌకరీ లేని యువకులు ఎదురు మోర్చా తీశారు. పాత పింఛను ఇవ్వొద్దు, మాకు నౌకరీ ఇవ్వండని. 20వ తారీఖున సమ్మె ఆగింది.

ఆ సమ్మె రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా మేనల్లుడు మోర్చా నుంచి నేరుగా అక్క ఇంటికి వచ్చాడు. నెత్తిన నినాదం రాసిన టోపీ అట్లనే ఉంది. నేను అక్కడే ఉన్నాను. నోరు ఊరుకోలేదు. "అల్లుడా, నూలు కొన్నా సబ్బు కొన్నా మేము పన్ను కడుతున్నం. అండ్ల నుంచే నీ పించన్. నలభై ఏండ్లు మగ్గం తొక్కినోనికి ఏమున్నది?" అన్నాను.

వాడు టోపీ తీసి పక్కన పెట్టాడు. "మామా, నీకు లేదని నాకు కూడ వద్దంటవా? నాది తీస్తే నీకిస్తరా?" అన్నాడు.

అక్క మా ఇద్దరి మొహాలు చూసింది. "మీ లొల్లి ఆపుండ్రి. దాఖలా మిషన్ మీద నా ఏలు పడతలేదు. ముందు అది చూడుండ్రి" అంది. నలభై ఏండ్లు ఆకు కత్తిరించి, దారం చుట్టిన ఏళ్ళు. గీతలు అరిగిపోయినాయి. మిషన్ ఆమెను గుర్తు పట్టడం లేదు.

నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మేనల్లుడు అన్నది నిజం. 2005లో వాళ్ళది తీశారు, మనకేమీ రాలేదు. ఒకరి పించను కోస్తే ఇంకొకరి కంచంలో పడ్డ దాఖలా ఈ చరిత్రలో నాకు కనబడలేదు. నేను అన్నది కూడా అబద్ధం కాదు. 2024 ఆగస్టులో కేంద్రం ఏకీకృత పింఛను ప్రకటించింది. 25 ఏండ్ల సర్వీసుకు చివరి ఏడాది మూల జీతం సగటులో సగం, పదేండ్లు చేసినవాళ్ళకు ఎంత తక్కువైనా నెలకు 10,000. దాన్ని ఒప్పుకున్న మొదటి రాష్ట్రం మాదే. నౌకర్లు పోరాడి తారీఖు గీతను కొంత చెరిపారు, మంచిదే. కాని పదేండ్లు సర్కారు నౌకరీ చేసినవారికి తక్కువలో తక్కువ 10,000, బీడీ చుట్టినామెకు తక్కువలో తక్కువ 1,000, మగ్గం తొక్కినోనికి ఆదాయం లేదని దాఖలా తెస్తే 1,500. మూడూ ఒకే ఇంటి లెక్కలు. 1982లో కోర్టు చెప్పిన "చేసిన పనికి రావలసిన సొమ్ము" అన్న మాట మొదటి వరుస దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది.

తల్లిగడ్డ మీద ఏం చేశారు

మన చుట్టాలున్న సిరిసిల్ల, పోచంపల్లి వైపు పోయినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. తెలంగాణలో చేనేత పనివానికి 50 ఏండ్లకే పింఛను ఉంది. 2014 నవంబరులో 1,000, 2019 జూన్ నుంచి 2,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా నేతన్నకు 50 ఏండ్లకే, 2024 నుంచి 4,000. అక్కడ ముసలోడవని కాదు, నేతగాడివని ఇస్తున్నారు. కండ్లు, నడుము, మోకాళ్ళు 50కే దిగిపోతాయని ఒప్పుకున్నారు.

ఇంకొకటి, 2017లో పోచంపల్లిలో మొదలయిన నేతన్నకు చేయూత. నేతగాడు కూలీలో నూటికి 8 కడితే సర్కారు 16 కలుపుతది. నేను చెప్పిన 24 రూపాయల లెక్కే తీసుకోండి, పైన 48 కలిసి హప్తాకు 72 అవుతది. కొన్నేండ్లకే తీసుకునే వీలు పెట్టారు, కరోనా లాక్డౌన్‌లో గడువుకు ముందే తీసుకోనిచ్చారు. కడితే వస్తదని కండ్లతో చూశారు కాబట్టి అక్కడివాళ్ళు కడుతున్నారు. మా పెద్దాయన అడిగింది కూడా అదే కదా.

నేను ఇక్కడ ఏ పార్టీని పొగడటం లేదు, ఏ పార్టీని తిట్టడం లేదు. ఇచ్చిన దాంట్లో కూడా కొరతలున్నాయని అక్కడి బంధువులు చెప్తారు. కాని ఒకే కులం, ఒకే మగ్గం, ఒకే నూలు. సరిహద్దు రాయి దాటితే 50 ఏండ్ల నేతన్న నేతన్న కాకుండా పోతున్నాడు. చివరి చేనేత లెక్క 2019-20లో దేశం మొత్తంలో 35.22 లక్షల మంది చేనేత పనివాళ్ళున్నారు. ఎక్కడ పుట్టాడని కాదు, ఏం పని చేశాడని చూసే పింఛను వాళ్ళందరికీ ఉండాలె.

మనం చేయదగ్గ పని

పెద్దలకు నా విన్నపాలు మూడే. మొదటిది, మన రాష్ట్రాలన్నిటిలో నేత పని పేరు మీదనే పింఛను ఇవ్వమని ఫెడరేషన్ అర్జీ పెట్టాలె. ఆదాయం లేదని దాఖలా తెమ్మని ముసలోళ్ళను తిప్పకుండా, చేనేత గుర్తింపు కార్డు చూసి ఇవ్వాలె. 16వ సెక్షన్ లాంటి నియమాల వల్ల చిన్న సొసైటీలు బయట పడకుండా వేరే ఏర్పాటు అడగాలె. రెండోది, పైసలు కోసే ఏ సంఘమైనా, మన సంఘాలతో సహా, పాస్ పుస్తకం సభ్యుని చేతికి ఇవ్వాలె, ఏడాదికొకసారి సమావేశంలో పేరు పేరునా మొత్తం చదవాలె. నమ్మకం అడిగితే రాదు, లెక్క చదివితే వస్తది. మూడోది, మన యువకులు వాడకొకరు ఫారాల పని నేర్చుకోవాలె.

ఈ మూడోది చాలా సులభం. అక్క ఏలు పడలేదని చెప్పాను కదా. 2021 నుంచి మొహం చూపించి హయాతీ దాఖలా ఇచ్చే వీలు ఫోన్లోనే ఉంది. ఆ సాయంత్రం మేనల్లుడే ఫోన్ పట్టుకొని అక్కను వెలుతురులో కూసోబెట్టాడు. రెండుసార్లు కాలేదు, మూడోసారి అయ్యింది. "ఏలు పోయినా మొహం మిగిలింది" అని అక్క నవ్వింది. నేనూ వాడూ ఒకరినొకరం చూసుకున్నాం. మా లొల్లి సగం అక్కడే తీరింది. ఇప్పుడు సెలవు రోజుల్లో వాడు మా సొసైటీకి వచ్చి ముసలోళ్ళ ఫారాలు చూస్తున్నాడు.

ఈ ఏడు మా సర్వసభ్య సమావేశం అజెండాలో "వాయిదా పడిన పాత విషయం" అని మళ్ళీ రాశాను. సభ్యులు తక్కువే మిగిలారు. మగ్గాలు ఇంకా తక్కువ. పడుగు పొట్టిగున్నా నేయక తప్పదు కదా. "రేపు నీ కుర్చీల ఇంకొకడు కూసుంటే" అన్న మాటకు ఈసారి జవాబు కాగితం మీద రాసుకొని పోతున్నాను.

జై మార్కండేయ.